విప్పని ముడి

మా నర్సింగ్ కాలేజీ హాస్టల్లో ఒక ఆచారం ఉంది. చేరిన మొదటి రోజు ఒక సీనియర్ కొత్తపిల్లకు జడ వేసి ఎర్ర రిబ్బన్‌తో ముడి వేస్తుంది. ఇక ఆమే జడక్క. ముడి చెదరకుండా ఆ రిబ్బన్ దాచుకోవాలి. చదువు పూర్తయిన రోజు జడక్కే వచ్చి విప్పాలి. విప్పేదాకా హాస్టల్ వదిలినట్టు కాదు, జుట్టు నెరిసినా ఫ్రెషరే. ఫ్రెషర్ పని అందరికీ టీ పెట్టడం. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ, మా జడక్కల జడక్కలకూ జడక్కలున్నారు.

నా జడక్క శాంతమ్మ ఇంటి ఇబ్బందులతో మధ్యలోనే చదువు మానేసింది. నా ముడి అలాగే ఉండిపోయింది. దాంతో కువైట్‌లో నర్సునై, ఇద్దరు పిల్లల తల్లినైనా, ఖైతాన్‌లో మా సీనియర్ సువార్తక్క ఫ్లాట్‌లో శుక్రవారం సెలవుకి హాస్టల్ వాళ్ళం కలిస్తే వంటింట్లో నేనే. ఒళ్ళు మండిపోయేది!

మొన్న ఫహాహీల్‌లో మా క్లినిక్‌కి ఒక పనిమనిషి యజమానురాలి బిడ్డను ఎత్తుకొచ్చింది. చూద్దును కదా, శాంతమ్మ! నా అరుపుకి బిడ్డ ఏడుపు మానేశాడు.

"శుక్రవారం సువార్తక్క ఫ్లాట్‌కి రా అక్కా, నా ముడి విప్పు!"

"సర్టిఫికెట్ లేనిదాన్ని, మీ నర్సుల్లోకి నేనేం వత్తానే జాయ్సీ? మామా, అదే మా యజమానురాలు, పంపుద్దో లేదో."

శుక్రవారం బెల్లు మోగినప్పుడల్లా తలుపు దగ్గరికి పరుగెత్తాను. నీళ్ళ క్యాన్ అబ్బాయి. పక్కింటావిడ. ఇక రాదులే అని ఏడుపొచ్చేస్తుంటే మళ్ళీ మోగింది. శాంతమ్మే!

జడకు రిబ్బన్ ఎక్కించుకుని ఆమె ముందు కూలబడ్డాను. ఒక్క లాగు లాగింది. ముడి ఊడింది. ఫ్లాటంతా ఈలలు, కేకలు. నేనైతే గంతులే వేశాను.

"మరి నీ ముడో?" అంది సువార్తక్క. శాంతమ్మ జడక్క ఆమే.

శాంతమ్మ బ్యాగులోంచి రంగు వెలిసిన రిబ్బన్ తీసింది. ముడి చెక్కుచెదరలేదు. సువార్తక్క చెయ్యి చాచేసరికి గుప్పిట మూసేసింది.

"వద్దక్కా. ఇప్పేత్తే హాస్టల్ వదిలేసినట్టే కదా. నన్నింకా అక్కడే ఉండనియ్యండి."

సువార్తక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. శాంతమ్మ నవ్వుతూ లేచింది. "ఫ్రెషర్‌ని కదా, టీ పెట్టుకొత్తాను."

భుజాలు పట్టి కూర్చోబెట్టాను. ఆ రోజు కూడా టీ నేనే పెట్టాను. ఒళ్ళు మండలేదు.