నిలువు చార

ఏడున్నరకు మాచెలిసో ఇనప పొయ్యిలో రెండో డబ్బా బొగ్గు పోసి, మూత వేసి, దాని చుట్టూ పదకొండు కుర్చీలు సర్దింది. ఒక్కో కుర్చీ మీద ఒక్కో మోకాలి కంబళి పరిచింది. పన్నెండోది కిటికీ పక్కన, లైబ్రేరియన్ కుర్చీ మీద. కిటికీ అద్దాలకు లోపలి వైపు కూడా మంచు పట్టింది. జులై నెల, భూగోళానికి ఈ దక్షిణపు కొసన నడి చలికాలం. మొఖోత్లోంగ్ కొండల మీద మూడు రోజులుగా మంచు కురుస్తోంది.

ఇరవై ఆరేళ్లుగా ఆమె ఈ గ్రంథాలయంలో అటెండరు. ఊడ్చడం, పొయ్యి వెలిగించడం, దుమ్ము దులపడం, తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో పెట్టడం ఆమె పని. దులిపేటప్పుడు ప్రతి పుస్తకంలో మొదటి రెండు పేజీలు నిలబడి చదువుతుంది. ఏ కథ ఎలా మొదలవుతుందో ఆమెకు తెలుసు. ఎలా ముగుస్తుందో ఒక్కటీ తెలియదు. అందుకు ఎప్పుడూ బాధపడలేదు. ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. రేపు పొద్దున తన కోళ్లగూటి తలుపు తనే తీయవచ్చు. ఇన్నేళ్లూ ఆ పని పక్కింటివాళ్లు చేశారు.

గుమ్మం పక్క గోడకు కొక్కేలున్నాయి. వచ్చినవాళ్లు భుజాల మీది కంబళి విప్పి అక్కడ తగిలించాలి, చేతికర్ర బకెట్లో నిలబెట్టాలి. కంబళి కింద పుస్తకం దాస్తే కనబడదు కాబట్టి ఆ నియమం. ఒకప్పుడు జనం కంబళి విప్పి, పావుగంట వణికి, వెళ్లిపోయేవారు. పదేళ్ల కిందట మాచెలిసో ఊళ్లో పాత కంబళ్లు అడిగి తెచ్చి ముక్కలు కత్తిరించింది. పుస్తకం దాచడానికి చాలవు, మోకాళ్లకు సరిపోతాయి.

గుడ్డ కలిసొస్తుందని మొదటిసారి అడ్డంగా కత్తిరించింది. ఎవరూ ముట్టలేదు. కంబళి మీది చార నిలువుగా ఉండాలి, అడ్డంగా వేసుకుంటే మనిషి ఎదుగుదల ఆగిపోతుందని ఆమెకు తల్లి చెప్పింది. ఆమె తన పిల్లలకు చెప్పింది. కత్తెర పట్టుకున్నప్పుడు మరచిపోయింది. "అరవై అయిదేళ్లవాణ్ణి, ఇంకేం ఎదుగుతాను? అయినా నాకొద్దు," అన్నాడు గొర్రెల కాపరి రాలెబిత్సో. ఆమె కుట్లు విప్పి, చార నిలువుగా వచ్చేలా ముక్కలు అతికి, మళ్లీ కుట్టింది.

ఎనిమిదింటికి లిపువో వచ్చింది. కొత్త లైబ్రేరియన్. రాజధాని మాసేరులో చదువుకుని వచ్చింది, ఈ రోజే చేరింది. కోటు విప్పకుండానే గదంతా చూసింది.

"అమ్మా, ఈ ముక్కలన్నీ పెట్టెలో పెట్టేయండి. ఆస్పత్రి వార్డులా ఉంది. కుర్చీలు బల్లల దగ్గర వరసగా వేద్దాం."

"పొయ్యికి దూరంగానా, తల్లీ?"

"గ్రంథాలయం అంటే బల్లలే కదమ్మా."

మాచెలిసో కుర్చీలు జరిపింది. పన్నెండు ముక్కలూ మడిచి పెట్టెలో పెట్టింది. రేపటి నుంచి గది ఈ అమ్మాయిది. తను చెప్పేదేముంది? మూత వేసి, తీసి, మళ్లీ వేసింది.

తొమ్మిదింటికి రాలెబిత్సో గుర్రాన్ని బయట కట్టేసి లోపలికొచ్చాడు. కంబళి తగిలించి, పేపరు తీసుకుని, బల్ల ముందు కూర్చున్నాడు.

"ఏమ్మా, నా మోకాళ్లేవి?"

"పెట్టెలో ఉన్నాయన్నా."

"పెట్టెలోనా? వాటికీ చలేసిందా?"

లిపువో తలెత్తింది. "తాతగారూ, ఇక్కడ పద్ధతులు కొంచెం మారుతున్నాయి."

"మారనీ అమ్మాయీ. బయట నా గుర్రానికి వీపు మీద దుప్పటైనా ఉంది. రేపట్నుంచి దాని పక్కన నిలబడి చదువుకుంటాలే."

అరచేతుల్లోకి ఊదుకుంటూ ఉన్ని ధరల పేజీ చదివాడు. కంబళి, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అంతసేపు కూడా కూర్చోలేదు. పదకొండుకు గదిలో మాచెలిసో, లిపువో మాత్రమే మిగిలారు.

"రోజూ ఇంతేనా జనం?" అంది లిపువో.

"నిన్న పద్నాలుగు మంది, తల్లీ."

లిపువో ఖాళీ కుర్చీల వైపు చూసింది.

భోజనాలయ్యాక లిపువో కిటికీ పక్కన పుస్తకాల జాబితా రాస్తోంది. మూడు పంక్తులకోసారి కలం పెట్టేసి చేతులు మోకాళ్ల మధ్య దూర్చుకుంటోంది. మాచెలిసో పెట్టెలోంచి పైముక్క తీసి ఆమె ఒడిలో వేసి, చీపురు కోసం వెళ్లింది. ఎలా పడిందో చూడలేదు.

చార అడ్డంగా పడింది. లిపువో కుడిచేయి రాస్తూనే ఉంది. ఎడమచేయి ముక్కను తిప్పి చారను నిలువు చేసింది. అప్పుడు ఆమె రాయడం ఆపి ఆ చేతిని చూసుకుంది.

"మా అమ్మమ్మ చూసుంటే తన్నేది," అంది.

"ఎవరి అమ్మమ్మైనా తంతుంది," అంది మాచెలిసో చీపురుతో వస్తూ. ఇద్దరూ నవ్వారు.

నాలుగున్నరకు మాచెలిసో మూడు తాళంచెవులు బల్ల మీద పెట్టింది. కొక్కెం నుంచి తన కంబళి తీసి, భుజాల మీద కప్పుకుని, పిన్ను పెట్టుకుంది.

"రేపు వస్తారా అమ్మా?"

"రేపు కోళ్ల పనుంది. ఎల్లుండి వస్తా. ఒక పుస్తకం చివరిదాకా చదవాలి."

గేటు దగ్గరకు వెళ్లేసరికి లోపల కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగి, మంచు కరిగిన కిటికీ అద్దంలోంచి చూసింది. లిపువో పొయ్యి దగ్గర వంగి, పెట్టెలోంచి ఒక్కో ముక్కా తీసి కుర్చీల మీద పరుస్తోంది. పదకొండు. కిటికీ పక్కన, ఆమె లేచి వెళ్లిన కుర్చీలో పన్నెండోది ఉంది, చార నిలువుగా.