ఫోను చూపించే గది

గణపతిరావు ఫోను మోగితే ఈమధ్య ఒకటే మాట. మీ షాపు ముందే ఉన్నాం, మీరు కనబడరేం అని.

అప్పుడతను ఓపిగ్గా చెప్పుకుంటూ పోవాలి. బస్టాండు ఎదర గది వదిలేశాననీ, వడ్డాది రోడ్డులో చెరుకు తూచే కాటా దాటాక ఎడమచేతి వైపు రేకుల షెడ్డు తనదేననీ. అవతలి మనిషి సరేనంటాడు గాని రాడు. కాలిపోయిన బోరు మోటారును ఆటోలో వేసుకొచ్చినవాడు దించాక మళ్లీ ఎత్తించుకుని ఇంతదూరం ఎందుకొస్తాడు? పైగా అద్దె పెంచితే తూగలేక గణపతిరావు వదిలేసిన ఆ గదిలోనే ఇప్పుడు తనలాగే కాలిన మోటార్లకు రాగితీగ చుట్టే కుర్రాడు ఉదయభాస్కర్ వైండింగ్ షాపు పెట్టాడు. వచ్చిన మోటారు అక్కడే ఉండిపోతుంది.

మాడుగుల, చీడికాడ రైతులు నోటిమాట మీద వచ్చే రోజులు పోయాయి. మోటారు కాలితే పిల్లలు ఫోనులో వెతికిపెడతారు. ఫోనులో మ్యాపు పాత గదినే చూపిస్తుంది. ఎప్పుడో దారినపోయేవాడెవడో పాత బోర్డు ఫొటో తీసి అందులో పెట్టాడట. మోటార్లు కాలేది ఎండాకాలంలోనే. ఈ ఎండలు పోయేలోగా జనానికి షెడ్డు దారి తెలియకపోతే తాళం వేసుకోవడమే.

అనకాపల్లిలో డిగ్రీ చదువుతున్న కూతురు గౌతమి నాన్న కోసం వెబ్‌సైట్ తయారుచేసింది. మ్యాపులో పాత గుర్తు మార్చమని కంపెనీవాళ్లకు రాస్తే జవాబు రాలేదు. ఆ మ్యాపులోనే షెడ్డుకు కొత్త పేజీ పెట్టింది. అది వెతికితే వచ్చే జాబితాలో అట్టడుగున కూర్చుంది. పని చేయించుకున్నవాళ్లు నాలుగు మంచిమాటలు రాస్తే పైకొస్తుందని చెప్పింది.

రైతు దగ్గర కూలి పుచ్చుకుని, మళ్లీ నన్ను పొగుడు అనడం గణపతిరావుకు నామోషీ. చుట్టాల దగ్గర నామోషీ ఏముంది?

ఊళ్లో గౌరమ్మ పండగకి చుట్టాలందరూ వచ్చారు. పరీక్షలని గౌతమి రాలేదు. భోజనాలయ్యాక మరదలు నరసమ్మ పెత్తనం తీసుకుని, అందరి చేతా ఫోన్లు తీయించింది.

"అయిదు సుక్కలూ నొక్కండర్రా. ఒక్కటి తగ్గినా మా బావ పరువు పోద్ది."

మా బావ దేవుడు అని ఒకరు రాశారు. మా గుంట పెళ్లికి ముందే వచ్చి పందిరి వేశాడని ఒకరు. పిలిస్తే పలికే మనిషి అని ఇంకొకరు. మోటారు మాట ఎత్తినవారు లేరు. గణపతిరావు వింటూ తలవంచుకుని నవ్వుకున్నాడు. చాన్నాళ్లకు నవ్వాడు.

వారం తిరక్కుండా కొత్త పేజీ మాయమైంది.

"ఒకే ఇంట్లోంచి అందరూ ఒకేసారి రాస్తే దొంగరాతలనుకుంటారు నాన్నా," అంది గౌతమి ఫోనులో. "తీసేసేరు."

"దొంగరాతలేటమ్మా? ఒక్కటైనా అబద్దం రాసేరా?"

గౌతమి కంపెనీకి మళ్లీ రాసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా అవే ఇంగ్లీషు ముక్కలు తిరిగొచ్చాయి. పాత గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎండలు ముదిరాయి. షెడ్డులో రాగితీగ చుట్టలు చుట్టలుగానే ఉన్నాయి. ఒకనాడు గణపతిరావు తనే పాత గదికి వెళ్లాడు, వచ్చినవాళ్లను తన దగ్గరికి పంపమని అడగడానికి. ఉదయభాస్కర్ స్టూలు తుడిచి వేశాడు.

"పంపేను బాబాయ్, ఒట్టు. ఆళ్లే ఎల్లట్లేదు. దించిన మోటారు మళ్లీ ఎత్తమంటే నన్నే తిడతన్నారు." గొంతు తగ్గించాడు. "ఇక్కడే కూసోరాదా? నా ఒక్కడి సెయ్యీ సాలట్లేదు."

గణపతిరావు గోడవైపు చూశాడు. ఒకప్పుడు తను కొట్టిన మేకు అలాగే ఉంది. దానికి ఎవరిదో చొక్కా వేలాడుతోంది.

బయట ఆటో ఆగింది. చీడికాడ రైతు ఫోను ముందుకు చాచుకుని దిగాడు.

"గణపతిరావు వైండింగ్ ఇదేనా బాబూ? ఇక్కడే సూపెడతంది."

ఉదయభాస్కర్ అటు చూశాడు. గణపతిరావు స్టూలు మీంచి లేచాడు.

"ఇదే. దించండి."

షెడ్డుకు తాళం పడింది. ఆదివారం గౌతమి ఫోను చేసి, పాత అడ్రసు తీయించడానికి ఇంకో దారి దొరికింది, ప్రయత్నించనా అని అడిగింది.

"ఒగ్గేయమ్మా," అన్నాడు. "ఇప్పుడది సరిగ్గానే సూపెడతంది."

ఫోను జేబులో పెట్టుకుని, చీడికాడ మోటారుకు రసీదు రాయడానికి కూర్చున్నాడు. పుస్తకం మీద ఉదయభాస్కర్ పేరు అచ్చేసి ఉంది. కింద సంతకం చోట చిన్న అక్షరాల్లో తన పేరు రాశాడు.