కేళీలు ఏరిన చెయ్యి

తొంభై తొమ్మిదిలో శివరామయ్య మేష్టారికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. బందరు కాలేజీలో పాఠాలు చెబుతూనే, అణువుకన్నా చిన్న కణాలు ఫొటో పలకల మీద గీసిన సన్నని గీతలను ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినిలో చూశారాయన. కొన్ని గీతలు మధ్యలో చటుక్కున వంకర తిరిగాయి. ఎవరూ ఎరగని కణమేదో అక్కడ పుట్టిందని ఆయన నమ్మకం. తోటివాళ్లు నవ్వారు.

చూపు ఆనక ఆ పని కంప్యూటర్‌కు అప్పగించారు. శిష్యురాలు భానుమతి దానికి రెండు కుప్పలు చూపింది: మామూలు గీతలు, కొత్త కణమైతే ఎలా ఉంటుందో లెక్కగట్టి గీసినవి. తేడా అదే నేర్చుకుంది. మేష్టారు చూసిన వంకర గీతలన్నీ కొత్త కణానివేనంది.

"చూశావటమ్మా! దానికి శుక్లాల్లేవు, నా మీద మొహమాటమూ లేదు."

మర్నాడే హైదరాబాదు సభలో ఆ సంగతి చెప్పాలి. సాయంత్రం రైలు.

ఆ పొద్దున పెదపారుపూడి నుంచి భానుమతి నాన్న నాంచారయ్య ఫోన్ చేశాడు.

"విత్తనాల వరిమడిలో కేళీలు ఏరిస్తన్నానే. ఈ కూలోళ్లు సగం వదిలేస్తన్నారు. నువ్వయితేనా, వేరే రకం మొక్క ఒక్కటి మిగల్చవు!"

ఫోన్ పెట్టేసి ఆమె మామూలు గీతల కుప్ప తెరిచి చూసింది. కంప్యూటర్‌కు చూపేముందు మామూలు కుప్పలోంచి వంకర గీతలన్నీ ఏరేసింది తనే. అవి దారిలో అణువును గుద్దుకుని వంగినవి. మడిలో కేళీని పీకి గట్టున పడేసినట్టే, ఆలోచించకుండా పీకేసింది. అందుకే వంపున్నదల్లా కొత్తదేననుకుంది యంత్రం.

ఏరేసినవి కలిపి మళ్లీ నేర్పింది. మధ్యాహ్నానికి జవాబు మారింది. అన్నీ మామూలువే.

మేష్టారు పెట్టె సర్దుకుంటున్నారు. ఆమె నిలబడే అంతా చెప్పింది.

"ఎవరు ఏరమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. అలవాటు."

"ఏ వడ్లు కావాలో మీ నాన్నకి ముందే తెలుసు. మనకీ తెలిస్తే వెతకడమెందుకమ్మా?" అని గొంతు తగ్గించారు. "ఈ ఒక్క సభ అయ్యాక చెప్పకూడదూ?"

భానుమతి తల దించుకుంది. ఆయన పెట్టె మూత వేశారు.

"ఇప్పుడు నేనన్నది వినలేదనుకో," అన్నారాయన. "నువ్వూ బయల్దేరు. ఎలా ఏరావో నువ్వు చెప్పు. ఏమీ దొరకలేదని నేను చెబుతాను."

"రైల్లో సీటు లేదండీ నాకు."

"నిలబడి వెళ్దాం. నా సీట్లో పలకల పెట్టె పెడదాం."

గుడివాడ దాటేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.