టేపు కింద వేలు

మేజోడు మోకాలి పైన ఆగిపోయింది.

అది కొలతలిచ్చి చేయించిన మేజోడు. మామూలు వాటిలా సాగదు. మందపాటి అల్లిక, చీలమండ దగ్గర గట్టిగా, పైకి వెళ్ళేకొద్దీ కాస్త వదులుగా కాలిని రోజంతా పట్టి ఉంచాలి. రబ్బరు తొడుగులు వేసుకుని నేనొక వైపు, మంచం మీద కాలు చాపుకున్న టైలరమ్మ ఒక వైపు పట్టుకుని పైకి జరుపుతున్నాం. పిక్క దాటేసరికి ఆమె కింది పెదవి కొరుక్కుంది. తొడ మొదట్లో అల్లిక మడత పడి, ఇక కదలనంది.

"దిండుకి గలీబు తొడుగుతున్నట్టు తోస్తున్నారు," అంది ఆమె. "లోపల దూది లేదమ్మా. నేనున్నాను."

నవ్వాను. ఆమె నవ్వలేదు. నెమ్మదిగా కిందికి తీసేశాం. మడత పడిన చోట ఎర్రగా గీత. సాయంత్రానికి అది ఊదాగా మారుతుందని ఇద్దరికీ తెలుసు. ఆమె ఒంటి మీద దెబ్బ అక్కర్లేదు, బల్ల అంచు తగిలినా కమిలిపోతుంది.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో ఉన్న చీటీ మీద ఒకటే వాక్యం: కాళ్ళ వాపు, బరువు తగ్గమని చెప్పాను. పదిహేనేళ్ళుగా డాక్టర్లు మారారు కానీ వాక్యం మారలేదట. ఆ రోజు గంటసేపు చూశాను. రెండు కాళ్ళూ ఒకే రకంగా లావు. ఆ లావు చీలమండ దగ్గర గాజు తొడిగినట్టు ఠక్కున ఆగిపోతుంది. పాదాలు మాత్రం సన్నం. రెండో కాలివేలి మొదట్లో చర్మం పట్టుకుని చూస్తే మడత లేచింది. శోషరసం నిలిచిపోయిన వాపైతే ఆ మడత లేవదు, పాదం కూడా ఉబ్బుతుంది. తొడ మీద బొటనవేలు ఆనిస్తే చాలు, ఆమె భుజాలు చెవుల దాకా లేచాయి.

"ఇది లింఫెడెమా కాదండి, అంటే రసం నిలిచిన వాపు కాదు. లిపెడెమా అంటారు," అని చెప్పాను. "చర్మం కింద కొవ్వే జబ్బు చేసి పెరుగుతుంది. నొప్పి దాని లక్షణమే. తిండి మానేస్తే పోదు."

ఆమె చీటీ మీది వాక్యాన్ని మళ్ళీ చదివింది. "అంటే నేను తినడం వల్ల కాదా?"

"కాదు."

"ఆ మాట ఓ కాగితం మీద రాసివ్వండి డాక్టరమ్మా. మా ఆడపడుచుకి చూపించాలి. నేను కూర్చోబోతే కుర్చీకి ముందే దండం పెడుతుంది."

"నేను డాక్టర్ని కాదండి, ఫిజియోని."

"చెయ్యి వేసి చూసినవాళ్ళే మాకు డాక్టర్లు. చూడనివాళ్ళు గుమాస్తాలు."

అప్పటి నుంచి ఆరు వారాలు. వారానికి మూడు రోజులు ఆమె కాళ్ళ మీద చేతులతో మెల్లగా నిమిరి, పొరలు పొరలుగా కట్లు కట్టి పంపేదాన్ని. ప్రతి సోమవారం కట్లు విప్పి, మడమ నుంచి నాలుగు సెంటీమీటర్లకొక చుక్క పెట్టి, చుక్క చుక్కకీ టేపు చుట్టి కొలిచేదాన్ని. మొదటి రోజు కుడి తొడ మధ్యలో అరవై నాలుగు. రెండో వారం అరవై మూడు. ఆరో వారానికి అరవైన్నర. ఆ కొలతలే మేజోళ్ళ కంపెనీకి వెళ్ళాయి. మూడు వారాల తర్వాత ఈ పెట్టె వచ్చింది.

తలుపు తోసుకుని మా విభాగం ఇన్‌చార్జి వచ్చాడు. మేమంతా చాటున ఆయన్ని అంకెలాయన అంటాం. చెడ్డవాడు కాదు. మనిషి కన్నా ముందు ఫైలుకి నమస్కారం పెట్టే రకం. నలిగిన మేజోడునీ, ఎర్రగీతనీ చూసి, మేజోడుని బల్ల మీద పరిచి స్వయంగా కొలిచాడు. మేమిచ్చిన కాగితంతో పోల్చుకున్నాడు.

"కంపెనీ తప్పేం లేదు. మనం రాసినట్టే చేశారు," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అంటే కాలే పెరిగిందన్నమాట. మూడు వారాల్లో మేజోడు పట్టనంతగా! ఇంట్లో ఏం తింటున్నారమ్మా?"

టైలరమ్మ దుప్పటి తీసి కాళ్ళ మీద కప్పుకుంది. అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో తెలిసినవాళ్ళు తెలియనట్టు కూర్చున్నప్పటి ఓర్పు ఉంది.

"ఏడాదికి ఒక్క జతే ఇవ్వగలం," అన్నాడాయన నాతో. "సూచనలు పాటించలేదు, బరువు పెరిగింది అని రాసి సంతకం పెట్టండి. జాబితాలోంచి పేరు తీసేస్తాను. బరువు తగ్గాక మళ్ళీ చీటీ తెచ్చుకోమనండి. ఫైలు కోసం పది నిమిషాల్లో వస్తాను."

ఆయన వెళ్ళాక గది ఉన్నదానికంటే చిన్నదైనట్టనిపించింది. ఒక మంచం, ఒక స్టూలు, కట్ల చుట్టలు పేర్చిన అర, చేతులు కడుక్కునే సింకు. సింకు కుళాయి వాషరు అరిగి నెలయింది. బొట్టు పడే చప్పుడు.

"రాసేస్తారా," అంది టైలరమ్మ, "తిండిపోతునని?"

"మీరేమైనా... ఈ మూడు వారాల్లో..." నా గొంతులోంచి అంకెలాయన గొంతు వచ్చింది. మధ్యలో ఆపాను.

ఆమె దుప్పటి అంచుని వేళ్ళతో మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. కుట్టే ముందు బట్టని చూసుకునే తీరు అది.

"ఆ టేపు ఇలా ఇవ్వండమ్మా."

ఇచ్చాను. దాన్ని ఒక్కసారి చేతి మీదుగా జారవిడిచి, నా ముంజేతి చుట్టూ చుట్టింది. చుట్టేటప్పుడు టేపుకీ నా చర్మానికీ మధ్య తన చూపుడు వేలు పెట్టింది. "ఇది కొలత," అంది. తర్వాత వేలు తీసేసి కొంచెం లాగింది. నా చర్మం టేపు అంచుల పక్కన ఉబ్బింది. "ఇది మీ కొలత."

నేను ముంజేతిని వెనక్కి తీసుకున్నాను.

"ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నాను. టేపు పెట్టగానే పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ళుంటారు. ఏమీ అనను. ఒక అంగుళం వదిలి కుడతాను, వేసుకున్నాక సరిగ్గా ఉందంటారు. తమ నడుం కోసం ఊపిరి బిగబట్టేవాళ్ళని చాలామందిని చూశాను. ఎదుటి మనిషి కాలి కోసం ఊపిరి బిగబట్టేదాన్ని మిమ్మల్నే చూశాను. చుక్క దగ్గర టేపు వేస్తారు, ఊపిరి ఆపుతారు, లాగుతారు, అప్పుడు అంకె చదువుతారు. రెండో వారం ఇంత, మూడో వారం ఇంకాస్త."

"నాకు తెలియదు," అన్నాను. మాట బయటికి వచ్చాక అది నిజమో కాదో వెతుక్కున్నాను. కళ్ళకి తెలియదు. చేతికి తెలుసేమో.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"ఎలా చెప్పను? అంకె చదివి నా వైపు చూసి నవ్వేవారు, పరీక్ష పాసైనట్టు. అదొకటి." ఆమె టేపుని వేలికి చుట్టుకుంటోంది. "ఇంకోటి... నాకూ వినాలనిపించింది. పదిహేనేళ్ళలో నా కాలు తగ్గిందన్న మనిషి లేదు. నాలుగో వారం ఇంట్లో నా టేపుతో కొలుచుకున్నాను. మర్నాడు మళ్ళీ కొలుచుకున్నాను. తర్వాత టేపుని మిషను సొరుగులో పడేసి, మీ అంకెనే మా ఆడపడుచుకి చెప్పాను. అయితే మాట కొలత వేరు, కుట్టు కొలత వేరమ్మా. ఆ కాగితం బట్ట కత్తిరించడానికి వెళ్తోందని తెలిస్తే నోరు విప్పేదాన్ని. ఫైలులో పెట్టుకోవడానికే అనుకున్నాను."

ఫైలు నా ఒళ్ళోనే ఉంది. తెరిచాను. ప్రతి సోమవారం కొలతల పక్కన ఇంకో గడి ఉంటుంది: నొప్పి, సున్నా నుంచి పది వరకు. మొదటి వారం ఏడు. రెండో వారం ఏడు. మూడో వారం నేను అడిగిన తీరు గుర్తొచ్చింది. "కొలతలు తగ్గాయి కదా, నొప్పి కూడా కొంచెమైనా తగ్గి ఉండాలే?" ఆమె ఆలోచించి, "తగ్గిందేమో లెండి, మీరంటున్నారు కదా," అంది. ఐదు అని రాశాను. ఆ తర్వాత నాలుగు. ఆ నాలుగు ఆమెది కాదు. నా టేపు లాగినట్టే నా ప్రశ్న కూడా లాగింది.

మా ఇంట్లో ఆదివారం ఉదయాలు ఇలాగే ఉండేవి. అక్కకి పద్నాలుగు, నాకు ఎనిమిది. అక్క కాళ్ళు లావెక్కుతున్నాయని అమ్మ ప్రతి ఆదివారం కొలిపించేది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం పట్టుకుని కూర్చునేది. టేపు చుట్టి అంకె చెప్పడం నా పని. అంకె పెరిగితే ఆ రాత్రి అక్క కంచం బోర్లించి ఉండేది. మొదటిసారి అక్క నా చెవి దగ్గర వంగి, "కొంచెం లాగవే," అంది. లాగాను. అక్క ఆ రాత్రి అన్నం తింది. తింటూ బల్ల కింద తన పాదంతో నా పాదాన్ని తొక్కింది. అంతకన్నా పెద్ద బహుమానం నాకు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు. పాతికేళ్ళు చదువు, సర్టిఫికెట్లు, ఈ తెల్లకోటు... వీటన్నిటి కింద ఆ ఎనిమిదేళ్ళ చెయ్యి ఇంకా లాగుతూనే ఉంది. జాలితోనే లాగుతోంది. అక్క కాళ్ళు కూడా చీలమండ దగ్గర అలాగే ఆగిపోయేవి. వాటిని నొక్కి చూడాలని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. నొప్పి పుడుతుందా అని ఎవరమూ అడగలేదు.

"ఏడుస్తున్నారేంటమ్మా," అంది టైలరమ్మ. విసుగ్గానే అంది. "ఏడవాల్సింది నేను. మేజోళ్ళు వచ్చాక గంటసేపైనా ఆపకుండా మిషను తొక్కగలనని ఒప్పుకున్న పని ఉంది. దాని సంగతి చూడండి ముందు."

ఆ మాట నన్ను నేల మీదకి దించింది. నా బాధకి ఆమె దగ్గర ఖాళీ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

పెన్ను తీశాను. అంకెలాయన చెప్పిన వాక్యం రాయడం ఎంత తేలికో ఆ క్షణం స్పష్టంగా తెలిసింది. నాలుగు మాటలు, ఒక సంతకం. ఆమె వాదించదు. వాదించినా ఎవరు నమ్ముతారు? లావుపాటి మనిషి తినలేదంటే నమ్మే ఊరు ఎక్కడుంది? ఆ నమ్మకమే నాకు గొడుగు. దాని కింద నేను పొడిగా ఉండిపోవచ్చు.

తలుపు తెరుచుకుంది. "అయిందా?"

"లేదు సార్," అన్నాను. "ఆమె కాలు పెరగలేదు. అసలు తగ్గనే లేదు. నేను టేపు బిగించి కొలిచాను. ఆరు వారాలూ."

ఆయన నన్నూ, ఆమెనూ, మేజోడునూ చూశాడు. "బిగించి అంటే?"

"తగ్గాలని కోరుకుంటూ కొలిచాను."

"అదేం మాట? కోరికకి కాలమ్ లేదమ్మా ఫైలులో." స్టూలు మీద కూర్చున్నాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. ఆ లెక్క ఎటు వెళ్తుందో నాకు ముందే తెలుసు. "మిగతావాళ్ళవి?"

"తెలియదు సార్. అందరినీ మళ్ళీ కొలవాలి."

"ఎంతమంది?"

"ఈ ఏడాది నలభై ముగ్గురు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నలభై ముగ్గురిలో నిజంగా రసం నిలిచి వాచినవాళ్ళున్నారు, తగ్గారని ఇంటికి పంపినవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరి కాలు ఇప్పుడు ఎంత బరువుగా ఉందో. ఆ ఆలోచన నన్ను ఆ తర్వాత చాలా రోజులు నిద్రలేపింది. అప్పుడు మాత్రం ఆయన ముఖంలో కోపం కన్నా భయమే కనిపించింది. అంకెల్ని నమ్మి బతికిన మనిషి ఆయన. ఆయన ఇల్లు కూల్చింది నేను.

"పై అధికారులకి రాయాలి," అన్నాడు చివరికి. "మీ ఉద్యోగం ఏమవుతుందో నేను చెప్పలేను."

"రాయండి సార్. కొత్త జత మాత్రం..."

"కొలతే తప్పైతే ఆ జత లెక్కలోకి రాదు. కొత్త కొలత మీద నా సంతకం ఉంటుంది. నా ఎదురుగా కొలవండి."

"మళ్ళీ మూడు వారాలా?" అంది టైలరమ్మ. ఆయన తలూపాడు. "సరే, మూడు వారాలు. అప్పటిదాకా ఆ కట్లే కట్టండి. కానీ ఈ సారును అడగండి, ఇందాక నేనేం తింటున్నానో తెలుసుకోవాలన్నారు కదా. ఇంకా వినాలనుందా?"

అంకెలాయన చెవులు ఎర్రబడ్డాయి. "లేదమ్మా," అన్నాడు చిన్నగా. "తప్పే. నోరు జారాను."

"జారింది నోరే అయితే ఫర్వాలేదు లెండి. పెన్ను జారలేదు."

ఆమె దుప్పటి తీసేసింది. ఎర్రగీత అప్పుడే అంచుల్లో ఊదా తిరుగుతోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మడమ నుంచి చుక్కలు పెట్టాను. టేపు తొడ చుట్టూ తిప్పాను. నా చెయ్యి తనకు తెలిసిన పని చేయడానికి సిద్ధంగా ఉంది. ఆమె వంగి, తన చూపుడు వేలుని టేపు కిందకి జొనిపింది. సూది పోట్లతో మొద్దుబారిన వేలు.

"నొప్పి ముందు రాయండి," అంది.

"ఎంతండీ?"

"ఏడు. ఈ వేళ మీ గలీబు పుణ్యమా అని ఎనిమిది."

అంకెలాయన ఎనిమిది రాశాడు. నేను టేపు మీది గీతల్ని చూస్తున్నాను. అవి చెదిరి కనిపిస్తున్నాయి.

"డాక్టరమ్మా," అంది టైలరమ్మ నా తలకి దగ్గరగా, "ఊపిరి వదలండి."

వదిలాను. టేపు వేలి మీద వదులుగా నిలిచింది.

"అరవై నాలుగు," అన్నాను.