స్టేషన్ సీనులో అమ్మ

పాత సినిమా మీద దుమ్ము కనపడితే కెజియాకు నిద్ర పట్టదు. దూలపల్లిలో, అట్టపెట్టెల షెడ్డు పక్కన, నగేష్ నడిపే చిన్న ఆఫీసులో ఆమె పని అదే. పాత రీళ్లను కంప్యూటర్లోకి ఎక్కించాక గీతలు, మచ్చలు తుడిచి, డిస్కులు అచ్చువేయడానికి సిద్ధం చేస్తుంది. ఈసారి చేతికొచ్చింది ‘పల్టన్ నుంచి వచ్చినవాడు’. బర్మా యుద్ధం ముగిశాక ఇల్లు చేరిన సిపాయి కథ. ఒకప్పుడు జనాన్ని ఏడిపించి చంపిన సినిమా. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క ప్రింటు, అదీ ఎలుకలు రుచి చూసి వదిలేసినదే.

ఆ సినిమా డిస్కు వస్తోందని ఎవరితోనో పేపర్ చదివించుకుని, శామీర్‌పేట నుంచి బస్సులు మారి కామేశ్వరి అనే ముసలమ్మ వచ్చింది. సంచీలో జామకాయలు తెచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“రైలు స్టేషన్ సీను ఉంటది గద బిడ్డా, గది మా మేడ్చల్ల తీసిండ్రు. గా గుంపుల మా యమ్మ ఉన్నది. అప్పుడు నేను నాలుగేండ్లదాన్ని. మరుసటేడే సచ్చిపోయింది. ఒక్క ఫోటువ సుత లేదు. ఒక్కపారి సూపియ్యి, సాలు.”

కెజియా మనసు కరిగిపోయింది. అప్పటికప్పుడే చూపిస్తే సరిపోయేది. కానీ ఆ రీలు నిండా గీతలు. ఇంత దూరం వచ్చిన మనిషికి మురికి బొమ్మ చూపించడమంటే, చుట్టానికి తోమని కంచంలో వడ్డించినట్టు ఉంటుందనుకుంది.

“శుక్రవారం రా అవ్వా. అద్దం లెక్క జేసి చూపిస్త,” అంది.

ఆ వారమంతా ఆ సీను మీదే కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్లు నిలబడి, రైలు దిగుతున్న సిపాయిల్లో తమవాళ్ల కోసం వెతుకుతుంటారు. కెమెరా వాళ్ల ముఖాల మీదుగా మెల్లగా కదులుతుంది. కెజియా ఒక్క గీతనూ వదల్లేదు. తెల్లచుక్క కనిపిస్తే చాలు, చెరిపేసింది. తన పనితనం చూసుకుని తనే మురిసిపోయింది.

శుక్రవారం కామేశ్వరి తెర ముందు కూర్చుంది. స్టేషన్ వచ్చింది, పోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పోయింది.

“మంచిగున్నది బిడ్డా,” అంది చివరికి. “గని మా యమ్మ లేదు గిండ్ల. కోసేసిండ్రేమో.”

ఆ గొంతులో కోపం లేదు. అదే కెజియాను ఎక్కువ బాధపెట్టింది. “మొఖం యాదికున్నదా అవ్వా?”

“మొఖం యాడ యాదికుంటది? అమ్మ సచ్చినంక, డేరా టాకీసుల మా మేనత్త సూపిచ్చింది. ‘అగో, ముక్కుపుడక మెరుస్తాంది సూడు, గామెనే మీ యమ్మ’ అన్నది. గా మెరుపే యాదికున్నది నాకు.”

కీబోర్డు మీద కెజియా చేతులు ఆగిపోయాయి. ముక్కుపుడక! వాళ్ల ఇంట్లో, వాళ్ల చర్చిలో ఆడవాళ్లెవరూ నగ పెట్టుకోరు. బాప్తిస్మం తీసుకున్ననాడే ఉన్నవన్నీ తీసి పక్కన పెట్టేస్తారు. నగ లేని ముఖాల మధ్య పెరిగిన ఆ కంటికి, ముక్కు మీది తెల్లటి మెరుపు దుమ్ము కాక ఇంకేమవుతుంది? ముసలమ్మకు మిగిలిన ఒక్క ఆనవాలునూ తనే శుభ్రంగా తుడిచేసింది. సిగ్గుతో కెజియా తల వాలిపోయింది.

తుడిచిన కాపీ సాయంత్రానికల్లా డిస్కులు అచ్చువేసే చోటికి వెళ్లిపోవాలి. సంగతి విని నగేష్ నెత్తి పట్టుకున్నాడు. “సాఫు జేసినదాంట్ల మళ్ల దుమ్ము వోస్తనంటవేంది? మచ్చ ఉన్నదని ఎవలన్న అంటే మాట వడేది నేను గద!”

“దుమ్ము గాదన్నా, మనిషి. అది లేకుంట పంపితే మళ్ల నేనీ కుర్చీల కూసోలేను.”

నగేష్ ముసలమ్మ వైపు చూశాడు. “జల్దీ కానియ్,” అని చాయ్ చెప్పడానికి బయటికి పోయాడు.

తుడవకముందు దాచిన కాపీని కెజియా తెరిచింది. గీతలన్నీ తిరిగొచ్చాయి. వాటి వెనక, గుంపు చివర, ఒకామె తల తిప్పింది. ముక్కు మీద ఎండ తళుక్కుమంది. ఆ మెరుపును ఒక్కో బొమ్మ నుంచీ జాగ్రత్తగా తీసి, శుభ్రం చేసిన బొమ్మలో పెట్టుకుంటూ వచ్చింది కెజియా. కామేశ్వరి గుమ్మం దగ్గర కూర్చుని ఓపిగ్గా ఎదురుచూస్తోంది. అంతా అయ్యాక కెజియా ఆమెను తెర ముందు కూర్చోబెట్టి సీను నడిపించింది.

“ఆపు బిడ్డా, ఆపు!”

బొమ్మ నిలిచిపోయింది. కామేశ్వరి లేచి తెర దగ్గరికి వెళ్లింది. కళ్ల నీళ్లు ధారగా కారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. తెర మీద ఉన్న తల్లికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. నెత్తి మీది కొంగు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఉంది.

“గింత పోరివా అమ్మా నువ్వు?” అంది, ఎనభైకి దగ్గరపడ్డ ఆ కూతురు. తెర మీద ఆ చెంప నిమిరింది. “నా మనుమరాలికన్న సిన్నగున్నవు గద బిడ్డా.”