చుక్క ఇంట్లనే ఉన్నది

"మెట్‌పల్లి రోడ్డు మీద పదకొండు నిమిషాలు ఎందుకు ఆగినవ్?"

ఉల్లిగడ్డలు కోస్తున్న. ఫోన్ స్పీకర్‌ల పెట్టి పోపుడబ్బాకు ఆనిచ్చి నిలబెట్టిన. షార్జాకెల్లి మా ఆయన అజ్మల్ అడుగుతున్నడు. "టైర్లకు గాలి కొట్టిపిచ్చిన" అన్న. "గాలికి పదకొండు నిమిషాలా?" "లైన్ల ఇద్దరున్నరు." అంత తొందరగ అబద్ధం ఎట్ల దొరికిందో నాకే తెల్వదు. నిజమేందంటే, రోడ్డు పక్కన ఒకామె బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తుంటే కారు ఆపి, ఒకటి కొనుక్కొని, కార్లనే కూసోని, నిమ్మకాయ, ఉప్పు రాసుకొని తిన్న. ఒక్కదాన్నే. ఎవ్వరికి ఒలిచి పెట్టకుండ, ఎవ్వరికి సగం ఇరిచి ఇయ్యకుండ. ముప్పై ఆరేండ్ల ఆడిదాన్ని, మక్కకంకి తిన్నననే మాట మొగనికి చెప్పలేక గాలి మీదికి నెట్టిన. ఛీ, నా బతుకు పాడుగాను అనిపించింది.

మేము ఇంట్ల ఉర్దూనే మాట్లాడుతం. కోపం మాత్రం నాకు తెలుగులనే వస్తది. కోరుట్ల సర్కారు బడిల తెలుగు మీడియం చదివిన గద. పైకి ఉర్దూల 'జీ, హా జీ' అనుకుంట, లోపల తెలుగుల తిట్టుకుంట పన్నెండేండ్లు సంసారం చేసిన.

కారు పోయిన సెలవులకు వచ్చినప్పుడు కొన్నడు. డ్రైవింగ్ ఆయనే నేర్పిచ్చిండు. "నా పెండ్లాం కారు నడుపుతది" అని దోస్తుల ముంగట గొప్పలు చెప్పుకుంటడు. ఏం నడుపుత? అత్తమ్మ కుల్సుమ్ బీని నెలకు రెండుసార్లు జగిత్యాల షుగర్ డాక్టర్ దగ్గరికి తీస్కపోవాలె. ఆడబిడ్డ పిలిస్తే బుగ్గారం ఉరకాలె. మా ఇబ్రహీంపట్నంల ఎవరి పెండ్లయినా వంట దేగ్షాలు నా డిక్కిల్నే ఎక్కుతయ్. నన్ను డ్రైవర్ అని ఒక్కరు గూడ అనరు. "నాహీద్ ఖాళీగనే ఉంటది గద" అంటరు. ఖాళీ అట! వంట నేనే, బట్టలు నేనే, నాలుగు వాడల జాకెట్లు కుట్టేది నేనే. పోయేటప్పుడు నా ఫోన్‌ల లొకేషన్ అని ఒకటి పెట్టిపోయిండు. దారి చూపెట్టే ఫోనే, నేను ఏడున్ననో ఆయనకు చుక్క రూపంల చూపెడ్తది. "నీ మంచికే" అన్నడు. ఆయన నడిపే డెలివరీ వ్యాన్‌కు గూడ కంపెనీ గట్లనే పెట్టిందట. చాయ్ తాగెటందుకు ఆగితే సూపర్‌వైజర్ ఫోన్ చేస్తడట. "మేమేమన్న ఖైదీలమా?" అని నాతోనే మొత్తుకున్నడు. ఆ మాట ఆయన నోట్లకెల్లే వచ్చింది, ఆయన చెవులకే వినబడలే.

ఆ గాలి ముచ్చటైన తెల్లారే స్వర్ణలత ఫోన్ చేసింది. జగిత్యాలల నాతోటి కుట్టు ట్రైనింగ్ చేసిన పిల్ల. ఇప్పుడు సిరిసిల్ల దాటినంక, ఎల్లంతకుంట రోడ్డు మీద ఒక బట్టలు కుట్టే యూనిట్‌ల మేనేజర్. "కొత్తగ చేరే ఆడోళ్ళకు నేర్పెటందుకు మనిషి కావాలె. బుధవారం పన్నెండు లోపల వచ్చి కుట్టి చూపియ్యి. ఆ దినం దాటితే వేరేటోళ్ళను తీస్కుంటరు" అన్నది. అజ్మల్‌కు చెప్పిన. "సిరిసిల్ల దాక ఒక్కదానివే పోతవా? దారిల ఎవన్నో కారు అద్దం దించి తొవ్వ అడుగుతవా? పిచ్చి లేసిందా?" అని ఫోన్ పెట్టేసిండు. అత్తమ్మను తీస్కపోతే నేను ఒక్కదాన్ని కాదు. నా కోసం పోతేనే ఒక్కదాన్ని.

చుక్క ఆఫ్ చేద్దామంటే, ఆఫ్ చేసిన సంగతి ఆయనకు తెలుస్తది. ఫోన్ ఇంట్ల పెట్టి పోదామంటే, వేములవాడ అవతల నాకు దారి తెల్వదు. రెండు దినాలు గిదే తన్లాట.

మంగళవారం సజ్జ మీద బొంతల కోసం చెయ్యి పెడితే డబ్బా తగిలింది. మా ఆయన మొదలు దుబాయిల వ్యాన్ నడిపినప్పుడు అద్దానికి అతికిచ్చుకున్న దారి చెప్పే డబ్బా. పదేండ్ల కింద దాంట్ల మన దేశం రోడ్లు ఎక్కిచ్చి తెచ్చిండు. గప్పుడు కిరాయి కార్ల హైదరాబాద్ పోతుంటే, దాంట్ల మాట్లాడే ఇంగ్లీషామె మమ్మల్ని తీస్కపోయి ఒక కోళ్ళఫారం ముంగట నిలబెట్టింది. ఆయన దాన్ని ఒక్క మాట అనలే. "ఎప్పుడన్న తప్పుతది, మిషిన్ గద" అన్నడు. ఎన్కకు పోవాలని నేను ముందుగాలనే అంటే మాత్రం "నీకేం తెలుసు, నోరు ముయ్యి" అన్నడు. స్మార్ట్‌ఫోన్లు వచ్చినంక డబ్బా సజ్జ ఎక్కింది.

దుమ్ము తుడిచి కార్ల వైరు పెట్టి చూసిన. వెలిగింది! దీనికి సిమ్ లేదు, నెట్ లేదు. నాకు దారి చెప్తది, నా ముచ్చట ఎవ్వరికీ చెప్పదు. దానికి ముద్దు పెట్టాలనిపించింది.

బుధవారం పొద్దుగాల వండి పెట్టి, ఫోన్ పోపుడబ్బా పక్కన పెట్టి, "అమ్మీ, పనిమీద పోతున్న, సాయంత్రం వస్త" అని ఎళ్ళిన. అత్తమ్మ ఫోన్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి. ఇంగ్లీషామె చెప్తుంటే నడుపుతున్న. పాటలు గూడ పాడుకున్న. వేములవాడ దాటంగనే ఎడమకు తిరుగుమన్నది. తిరిగిన. రెండు మూలలు తిరిగి కొంత దూరం పోతే రోడ్డు సక్కగ నీళ్ళల్లకు పోయింది. ఎంత చూసినా నీళ్ళే. ఇంగ్లీషామె మాత్రం ముంగటికే పొమ్మంటున్నది.

టైం పదకొండు దాటింది. గీడ ఆగమైపోతే అజ్మల్ మాటే నిజమైతదని ఏడ్పచ్చింది. గట్టు మీద సంచి పట్టుకొని ఒక ముసలామె కనబడ్డది. అద్దం దించిన. అవును, దించిన! "అవ్వా, ఎల్లంతకుంట రోడ్డుకు ఎట్ల పోవాలె?"

"ఎన్కకు తిప్పు బిడ్డా. గిది డ్యామ్ నీళ్ళు. మా ఊరు దీంట్లనే మునిగింది. సిరిసిల్ల మీదికెల్లే పోవాలె. నేను గూడ సిరిసిల్ల దావఖానకే" అని ముంగటి సీట్ల కూసున్నది. పేరు దుర్గవ్వ అట. డబ్బా చూసి గిదేందన్నది. ఆమె ఊరి పేరు అడిగి వెదికిన. నీళ్ళు రాకముందు ఎక్కిచ్చిన రోడ్లు గద, ఊరు ఉన్నది. వాడలతోటి సహా ఉన్నది. దుర్గవ్వ డబ్బా తెర మీద వేలు పెట్టి, "గీడ బడి... గీడ మా ఇల్లు" అన్నది. కొంచెంసేపు వేలు తియ్యలే. తర్వాత కొంగుతోటి ముక్కు తుడుచుకొని, "నీ మొగడు రాలేదా?" అని అడిగింది.

"షార్జాల ఉన్నడు. నేనొచ్చినట్టు తెల్వదు. ఫోన్ ఇంట్ల పెట్టి వచ్చిన."

"ఎవ్వల సొమ్మన్న ఎత్కపోతున్నవా?"

"లేదవ్వా, పని కోసం పోతున్న."

"మరి దొంగ తీరు ఎందుకే పోవుడు?"

ఏం చెప్పాలె? కారు ఎన్కకు తిప్పుకొని, రోడ్డు దిక్కే చూసుకుంట సిరిసిల్ల దాక నడిపిన. దుర్గవ్వ దావఖాన కాడ దిగుకుంట, "సక్కగ పో, రెండో చౌరస్తాల కుడికి" అన్నది. డబ్బా బంద్ చేసి ఆమె చెప్పినట్టే పోయిన.

పన్నెండుకు పది నిమిషాలు తక్కువున్నది. స్కూలు చొక్కా కాలర్ కుట్టి చూపిచ్చిన. స్వర్ణలత పైన ఉన్న పెద్ద మేడం కాలర్ మొనలు తిప్పి తిప్పి చూసి, "సోమవారం నుంచి రా" అన్నది. వాపసు వచ్చేటప్పుడు చందుర్తి కాడ కారు ఆపిన. ఈసారి రెండు కంకులు తిన్న. ఎన్ని నిమిషాలో చూసుకోలే.

ఇంటికొచ్చేసరికి ఫోన్ చార్జింగ్‌ల ఉన్నది. ఫోన్ ముట్టని అత్తమ్మ పెట్టింది. "బ్యాటరీ అయిపోతే నీ చుక్క ఆరిపోతది గద" అన్నది. "నీ మామ గూడ, నేను బోరింగు కాడ ఎంతసేపుంటనో గడియారం చూస్తుండె" అని తస్బీ పూసలు పట్టుకొని అటు తిరిగింది.

ఫోన్‌ల అజ్మల్ మెసేజ్ ఉన్నది. "ఇయ్యాల పొద్దంత ఇంట్లనే ఉన్నవ్. శభాష్. రోజూ గిట్లుంటే నాకెంత నిమ్మలం."

నవ్వొచ్చింది, ఎన్కనే మంట లేసింది. చెప్పకుంటే సోమవారం గూడ శభాష్ వస్తది. దొంగ తీరు శభాష్‌లు తినుకుంట ఎన్నేండ్లు బతకాలె? వీడియో కాల్ చేసిన. "ఇయ్యాల నేను సిరిసిల్ల పోయిన. నౌకరి దొరికింది" అన్న, తెలుగుల.

"మజాక్ చెయ్యకు. నేను చూస్తనే ఉన్న, చుక్క ఇంట్లనే ఉన్నది."

"ఇంట్ల ఉన్నది ఫోన్. నేను గాదు."

ఆయన మొఖం తెర మీద ఆగిపోయింది. నెట్ పోయిందనుకున్న, పోలే. "తెలుగుల ఎందుకు మాట్లాడుతున్నవ్?" అన్నడు మెల్లగ.

"కోపం వచ్చింది గద, అందుకు. ఆ దినం టైర్లకు గాలి కొట్టిపియ్యలే. మక్కకంకి తిన్న. ఇయ్యాల రెండు తిన్న. సోమవారం సంది రోజూ సిరిసిల్ల పోత." ఉర్దూల ఆయనను మర్యాదగ 'ఆప్' అని తప్ప ఇంకోటి అనని నోరు, తెలుగులకు రాంగనే 'నువ్వు' అన్నది.

"ఫోన్ గీడ్నే, పోపుడబ్బా పక్కన పెట్టి పోత. నువ్వు దాన్ని కావలి కాసుకో."