గోఫెర్ చెక్క పాంకోళ్ళు

యెరూషలేములోని హీబ్రూ నిఘంటువు కార్యాలయంలో కిటికీ చెక్కకు చిత్రిక పడుతూ, ఏటా అడిగే ప్రశ్నే వడ్రంగి అజూరి మళ్ళీ అడిగాడు.

"గోఫెర్ అంటే ఏ చెట్టో తేలిందా, నఫ్తాలీగారూ?"

పండితుడు నఫ్తాలి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు. "లేదయ్యా. నోవహు ఓడ ఆ చెక్కతో కట్టాడని రాసుంది, అంతే. బైబిలు మొత్తంలో ఆ మాట వచ్చింది ఆ ఒక్కచోటే. ఇంకోచోట వచ్చుంటే పోల్చుకునేవాళ్ళం. దేవదారని కొందరు, సైప్రస్ అని కొందరు. ఎవరి గోల వాళ్ళది."

"ఈ ఏడు తేలాలండీ. నజీమాకి ఇంకో ఏడు లేదు."

నఫ్తాలి తన టీ గ్లాసు అతని ముందుకు జరిపాడు.

నజీమా అజూరి భార్య. పెళ్ళయిన ఏడాది, ప్రార్థనామందిరంలో నోవహు కథ చదివిన శనివారం, మెట్ల మీదే అతన్ని నిలదీసింది. "వరదలో అన్నాళ్ళు నానినా పుచ్చిపోలేదంటగా ఆ చెక్క! దాంతో నాకు పాంకోళ్ళు చెయ్యి. బాగ్దాదులో మా అమ్మలాగా ఇల్లంతా టకటకలాడిస్తా."

అప్పటినుంచి ఏటా ఆ కథ చదివే వారం వస్తే అదే పాట. వేరే చెక్కతో చేస్తానంటే వింటేగా! అజూరికీ ఆ బెంగ అంటుకుంది. కొట్లోకి కొత్త దుంగ వస్తే చాలు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఇదేనేమో, ఇదేనేమో అనుకుంటూనే ముసలివాడైపోయాడు.

ఆ మధ్యాహ్నం కొట్లో ఉన్న దేవదారు ముక్క తీసి పాంకోళ్ళు చెక్కాడు. సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"తేలిందే, నజీమా. ఇదే గోఫెర్."

ఆమె వాసన చూసింది. "పక్కింటి బీరువా కూడా ఇదే వాసనొస్తుంది కదయ్యా!"

అతను తల దించుకున్నాడు.

"సర్లే. అబద్ధానికి కూడా నున్నగా చిత్రిక పట్టావు. తొడుగు."

కాళ్ళు బాగా వాచిపోయి ఉన్నాయి. తోలుపట్టీలు తడిపి, ఆ వాపు మీదుగా సాగదీసి, చెక్క అంచులకు మెల్లగా మేకులు కొట్టాడు.

"ఆరేదాకా తియ్యకు."

"ఎక్కడికి పోతానులే," అంటూ ఆమె పడుకునే రెండు పాంకోళ్ళనూ టకటకమని కొట్టింది. అజూరి పకపకా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చేశాడు.

తెల్లవారేసరికి నజీమా లేదు.

మధ్యాహ్నానికల్లా కొండమీద మట్టి చేశారు. అక్కడ పెట్టెలో పెట్టే ఆచారం లేదు, తెల్లబట్ట ఒక్కటే. వడ్రంగి చేతికి ఆ పని కూడా దక్కలేదు. ఇంటికొచ్చి, మైలవాళ్ళు కూర్చున్నట్టే నేలమీద కూర్చున్నాడు. మంచం కింద పాంకోళ్ళు కనిపించాయి. తోలుపట్టీలు ఆరి గట్టిపడి, ఆమె పాదాల వాపంత ఎత్తున ఇంకా ఉబ్బి నిలబడి ఉన్నాయి.